గాలిమోటరు ఎక్కేవారికి గాలి చిట్కాలు

చవక టిక్కెట్టు మీద విమానంలో సుఖంగా ప్రయాణించడం ఎలాగో బోధించే వ్యాసాలు ఇంగ్లీషులోనూ, ఇప్పుడు తెలుగులోనూ కుప్పలుగా వస్తున్నాయి. కంటబడిన ప్రతిదాన్నీ శ్రద్ధగానే చదువుతాను. అన్నీ ఒకే మూసలో పోసినట్టుంటాయి. మెడ చుట్టూ గాలిదిండు పెట్టుకోండి. చప్పుడును అణచే హెడ్‌ఫోన్లు కొనుక్కోండి. ఫలానా క్రెడిట్ కార్డు ఉంటే లాంజిలో కూర్చోవచ్చు. ఇంకొంత చెల్లిస్తే కాళ్ళు చాపుకునే సీటు దొరుకుతుంది. చివరగా, కళ్ళు మూసుకుని దీర్ఘంగా శ్వాస పీల్చండి. మూడు వేల రూపాయల టిక్కెట్టు కొన్నవాడిచేత ఆరు వేల రూపాయల సరంజామా కొనిపించే సలహాకు పొదుపు అన్న పేరు ఎలా అతికిందో నాకు బోధపడదు.

నా తగాదా ఖరీదుతో మాత్రమే అయితే ఈ టపా రాసేవాణ్ణి కాను. ఈ వ్యాసాల వెనుక ఒక సిద్ధాంతం ఉంది. విమానాశ్రయంలో మనకు కలిగే గాభరా మన లోపమేనని, దాన్ని మనమే ఏదో ఒక వస్తువు కొని నయం చేసుకోవాలని ఆ సిద్ధాంతం. దీన్ని నేను ఒప్పుకోను. చవక విమానంలో సీటు ఇరుకన్న మాట నిజమే. కానీ ముగ్గురి సీటులో నలుగురం సర్దుకుని బందరు నుంచి బెజవాడ దాకా ఎర్రబస్సులో వెళ్ళిన జాతి మనది. గంట, రెండు గంటల ఇరుకు మనల్ని ఏమీ చేయదు. చేసేది భయం. సంచీ బరువు తూగుతుందేమో, పిల్లవాణ్ణి వేరే వరసలో కూర్చోబెడతారేమో, చెప్పింది అర్థం కాకపోతే నలుగురిలో నవ్వులపాలవుతామేమో అన్న భయం. ఈ భయాన్ని పుట్టించేది ఎవరు, దానికి మందు అమ్మేది ఎవరు అని విచారిస్తే రెండూ ఒకే దుకాణం అని తేలుతుంది.

విమానం ఎక్కేవారు ఎవరన్న సంగతి కూడా ఈ వ్యాసకర్తలకు పట్టినట్టు లేదు. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ మొదలుపెట్టి, కొన్నాళ్ళకు ఒక్క రూపాయి టిక్కెట్లు కూడా అమ్మిన నాటి నుంచి ఈ దేశంలో విమానప్రయాణం దొరల సొత్తు కాకుండా పోయింది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద మొదలైన తొలి మార్గాలలో కడప – హైదరాబాదు ఒకటి. పథకంలో సగం దాకా సీట్లకు గంట ప్రయాణానికి 2,500 రూపాయలు మించరాదన్నారు. హవాయి చెప్పులు వేసుకునేవాడు కూడా విమానమెక్కాలని ప్రధానమంత్రే ఆనాడు చెప్పారు. ఎక్కుతున్నాడు కూడా. ఎక్కినవాడికి ఎదురవుతున్నదేమిటో చూద్దాం.

మొదటి మెట్టు టిక్కెట్టు కొనడం. తెర మీద ఎర్ర అక్షరాలలో, ఈ ధరకు రెండే సీట్లున్నాయని హెచ్చరిక. భీమా వద్దని నొక్కబోతే, నేను రక్షణ లేకుండానే ప్రయాణిస్తానని మనచేతనే ఒప్పించే వాక్యం. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటి పదమూడు రకాల మోసపు ఎత్తులను పేరుపేరునా పట్టిక వేసి నిషేధించింది. లేని తొందర కల్పించడం, అడగని సరుకు బుట్టలో వేయడం, వద్దన్నవాణ్ణి సిగ్గుపరచడం అందులో ఉన్నాయి. సిగ్గుపరచడానికి ఆ పట్టికలో చూపిన ఉదాహరణల్లో ఒకటి విమానం టిక్కెట్టుతో అమ్మే భీమాయే! కాబట్టి ఆ పేజీలో ముందే టిక్కు పెట్టి ఉన్న గళ్ళన్నీ తీసివేయడం పిసినారితనం కాదు, తెలివి.

రెండు సీట్లే ఉన్నాయన్న మాట ఒక్కోసారి నిజం కూడా కావచ్చు, అయితే అది ఆ ధరకు. విమానంలోని సీట్లను సంస్థ ధరల వారీగా మూటలు కట్టి పెట్టుకుంటుంది. చవక మూట అయిపోతే తర్వాతి మూట విప్పుతుంది. నలుగురికి కలిపి వెదికితే, చవక మూటలో మూడే మిగిలి ఉన్నప్పుడు సాధారణంగా నలుగురికీ పై మూట ధరే చూపుతుంది. అందుచేత ముందు ఒక్కరికి వెదికి చూడండి, తర్వాత నలుగురికి. మంగళవారం కొంటే చవక, రహస్య కిటికీ తెరిచి వెదికితే చవక అన్న కబుర్లు ఈ చిట్కాల వ్యాసాలు తిరిగి తిరిగి వండుతూ ఉంటాయి. కొనే వారానికి కాదు విలువ, ఎగిరే వారానికి. మన పెద్దలు ప్రయాణానికి పనికిరాదన్న మంగళవారం నాడు ఎగిరితే శుక్రవారం కన్నా చవక పడటం మాత్రం చాలాసార్లు చూశాను. సంక్రాంతికి ముందు మూడు రోజుల సంగతి వేరు. అప్పుడు ఏ శాస్త్రమూ పని చేయదు, రైలు టిక్కెట్టు రెండు నెలల ముందు కొనుక్కోవడమే మేలు.

ఇక సీటు. టిక్కెట్టు చేతికి వచ్చిన మరుక్షణం నుంచి, మీ సీటు ఎంచుకోలేదు, మీ కుటుంబం విడిపోవచ్చు అని సందేశాలు మొదలవుతాయి. ఇది అచ్చంగా బెదిరింపు. ప్రతి టిక్కెట్టుకూ ఒక సీటు ఉంటుంది. దానికి డబ్బు ఇదివరకే కట్టాం. రుసుము కిటికీ కోసమో, ముందు వరస కోసమో తప్ప సీటు కోసం కాదు. పిల్లలున్నవారు భయపడనక్కర లేదు: పన్నెండేళ్ళ లోపు పిల్లలకు, అదే బుకింగులో ఉన్న తల్లిదండ్రులలో గానీ పెద్దలలో గానీ ఒకరి పక్కన సీటు ఇవ్వాలని 2024 ఏప్రిల్‌లో డీజీసీఏ ఆదేశించింది. మా ఇంట్లో ఒక ప్రయాణానికి సీట్ల పేరు మీద అడిగిన మొత్తం ఒక మనిషి టిక్కెట్టులో సగానికి వచ్చింది. కట్టలేదు. కౌంటరులోని అమ్మాయి రెండు నిమిషాలలో పిల్లవాణ్ణి వాళ్ళమ్మ పక్కన వేసింది, పైగా చిరునవ్వుతో. కౌంటరులో బోర్డింగు పాసు అచ్చు వేసి ఇచ్చినందుకు కొన్ని సంస్థలు రెండేసి వందలు పుచ్చుకుంటుంటే, అది తగదని 2022 జులైలో పౌర విమానయాన శాఖ చెప్పవలసి వచ్చింది. టిక్కెట్టు కొన్నవాడికి టిక్కెట్టు చూపించడానికి డబ్బులా అని మన పల్లెటూరి రైతు అడిగే ప్రశ్నే, చివరికి ప్రభుత్వం వారూ అడిగారు.

నిజంగా పనికివచ్చే రహస్యం ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. చవక సంస్థల విమానం నేల మీద అరగంట కంటే ఎక్కువ నిలబడదు. ఒకే విమానం ఉదయం నుంచి అర్ధరాత్రి దాకా ఊరూరూ తిరుగుతుంది; పొద్దున ఢిల్లీలో పొగమంచు వల్ల పోయిన గంట, సాయంత్రం గన్నవరంలో మన నెత్తిన పడుతుంది. రాత్రి అక్కడే నిద్ర చేసిన విమానం తెల్లవారుజామున మొదట లేస్తుంది కాబట్టి, దానికి నిన్నటి పాపం అంటుకోదు. నాలుగింటికి లేవడం కష్టమే. ఆరు గంటలు ఇనుప కుర్చీలో కూర్చోవడం కన్నా నయం.

సామాను విషయంలో చిట్కాలవారి వెటకారం నాకు మరీ ఒళ్ళుమంట. తక్కువ సామానుతో ప్రయాణించండి, జీవితం తేలికవుతుంది అంటారు! నిజామాబాదు జిల్లా నుంచి దుబాయికి మళ్ళీ రెండేళ్ళ దాకా తిరిగి రాని పనికి పోయేవాడు తాడుతో బిగించి, పేరు పెద్ద అక్షరాలతో రాసుకున్న అట్టపెట్టెను చూసి నవ్వేవారికి, ఆ పెట్టెలో ఉన్నది సామాను కాదని ఎవరు చెప్పాలి? 2009లో, అప్పటి విదేశాంగ సహాయమంత్రి శశి థరూర్ సాధారణ తరగతిని పశువుల తరగతి అని సరదాకు రాసి, గొడవయ్యాక క్షమాపణ చెప్పుకున్నారు. ఆ మాట ఇంగ్లీషులో ఆయనకు ముందునుంచీ ఉన్నదే. మాట పోయినా ఆ చూపు పోలేదు. విమానంలో పులిహోర డబ్బా మూత తీసినప్పుడు పక్కవాడు చూసే చూపు అదే. దేశీయ విమానంలో ఇంటి పులిహోర, చపాతీలు, జంతికలు తీసుకుపోవడానికి ఏ అడ్డూ లేదు. మూడు వందలు పెట్టి, వేడినీళ్ళు పోసుకుని తినే ఉప్మా కొననక్కర లేదు. ఖాళీ సీసా తీసుకువెళ్ళి తనిఖీ దాటాక కుళాయి దగ్గర నింపుకుంటే నీళ్ళకూ ఖర్చు ఉండదు. 2024 డిసెంబరులో కలకత్తా విమానాశ్రయంలో పది రూపాయలకు టీ, పది రూపాయలకు నీళ్ళు అమ్మే ఉడాన్ యాత్రీ కేఫ్ తెరిచారు. తెరిపించిన మంత్రి మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారు, మంచి పనే. కానీ పది రూపాయల టీ వార్త కావలసి వచ్చిందంటే, మిగతా దుకాణాలలో ఏం జరుగుతున్నదో వేరే చెప్పాలా?

సామాను నియమాలు ఒక్కసారి తెలుసుకుంటే భయం సగం తీరుతుంది. దేశీయ ప్రయాణానికి చాలా చవక సంస్థలు లోపలికి వేసే సామాను 15 కిలోలు, చేతిలో 7 కిలోలు అనుమతిస్తాయి. సామాను లేని టిక్కెట్టు అని ఇంకా చవకగా అమ్మేవి వేరే ఉంటాయి, చూసి కొనాలి. ఇంట్లోనే తూచుకోండి. ఎక్కువ ఉంటుందని తెలిస్తే ముందే కొన్న కిలో, కౌంటరు దగ్గర కొన్న కిలో కన్నా చవక. ఆవకాయ చేతిసంచిలో పెట్టుకుంటే తనిఖీ దగ్గర వదిలేసి రావలసిందే. రెండు మూడు సంచులు తొడిగి లోపలి సామానులో వేయాలి. ఎండుకొబ్బరి మాత్రం ఎందులోనూ పనికిరాదు, నూనె ఎక్కువ కాబట్టి అంటుకునే పదార్థాల జాబితాలో ఉంది. ఫోనుకు వాడే పవర్ బ్యాంకు ఇందుకు తలకిందులు: అది చేతిలోనే ఉండాలి, లోపలి సామానులో వేయరాదు. ఈ నాలుగు ముక్కలూ టిక్కెట్టు మీద తెలుగులో అచ్చు వేస్తే, తనిఖీ దగ్గర సీసాలు పారబోస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకునే తల్లులు ఎందరు తగ్గుతారో!

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, చిట్కాల వ్యాసాలలో నాకు ఇంతవరకూ కనిపించనిది: మనకు రావలసినది. ఆలస్యం, రద్దు, ఎక్కనివ్వకపోవడం గురించి డీజీసీఏ నిబంధనలు 2010 నుంచీ ఉన్నాయి, తర్వాత పలుమార్లు సవరించారు. రెండున్నర గంటల లోపు ప్రయాణానికి విమానం రెండు గంటలు ఆలస్యమైతే తిండీ నీళ్ళూ సంస్థే పెట్టాలి. అడిగితేనే పెట్టే సంస్థలున్నాయి, అందుకే అడగాలి. ఆరు గంటలు దాటే ఆలస్యమైతే వేరే విమానమో, పూర్తి డబ్బు వాపసో, ఏది కావాలో కోరుకునే హక్కు మనది. ముందు తెలియజేయకుండా రద్దు చేస్తే, వేరే ఏర్పాటుకో వాపసుకో తోడు, ప్రయాణకాలాన్ని బట్టి 5,000, 7,500, 10,000 రూపాయలు గానీ, మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం గానీ, ఏది తక్కువైతే అది పరిహారం. తుఫాను, పొగమంచు వంటి వాటికి పరిహారం వర్తించదు. సీట్లకు మించి టిక్కెట్లు అమ్ముకుని, ఖాయమైన టిక్కెట్టుతో వేళకు వచ్చినవాణ్ణి ఎక్కనివ్వకుండా, ఇరవై నాలుగు గంటలలోపు వేరే విమానం ఇస్తే పరిహారం 10,000 దాకా, అంతకన్నా ఆలస్యమైతే 20,000 దాకా ఉంటుంది. గంటలోపే పంపిస్తే ఏమీ రాదు.

వాపసు రాదని రాసి ఉన్న టిక్కెట్టు మీద కూడా, మనం వెళ్ళలేకపోతే పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగి ఇవ్వాలి. హైదరాబాదు వంటి చోట అవి కొన్ని వందలు. చవక టిక్కెట్టులో మూల ధర ఎంత తక్కువైతే ఆ వందల పాలు అంత ఎక్కువ. ఆ డబ్బు అడగని వారందరూ సంస్థకు విరాళం ఇచ్చినట్టే! అడిగినా వినకపోతే ఎయిర్‌సేవ అన్న ప్రభుత్వ ఫిర్యాదుల చోటు 2016 నుంచి ఉంది. నాకు ఒక సంస్థ నలభై రోజులు ముఖం చాటేసిన డబ్బు, అక్కడ రాసిన తొమ్మిదో రోజున జమ అయింది.

2025 డిసెంబరు మొదటి వారం గుర్తు తెచ్చుకోండి. పైలట్ల విశ్రాంతికి సంబంధించిన కొత్త నిబంధనలకు సిద్ధపడకపోవడంతో దేశంలోని అతిపెద్ద సంస్థ వేల విమానాలను రద్దు చేసింది. మిగిలిన టిక్కెట్ల ధరలు ఆకాశానికి ఎక్కాయి. డిసెంబరు 6న ప్రభుత్వం తాత్కాలికంగా హద్దు గీసింది: 500 కిలోమీటర్ల లోపు 7,500, వెయ్యి దాకా 12,000, పదిహేను వందల దాకా 15,000, ఆపైన 18,000 రూపాయలు. ఆ వారం మెడదిండ్లు, దీర్ఘశ్వాసలు ఎవరినైనా ఇంటికి చేర్చాయా? చవక టిక్కెట్టు కొన్నవాడు ఇంతకన్నా ఏం ఆశిస్తాడు అని మిత్రులొకరు ఆ రోజుల్లో నాతో వాదించారు. చవక బియ్యం కొన్నవాడికి కూడా బియ్యమే ఇవ్వాలి కదండీ, రాళ్ళు కాదు కదా అన్నాను. చవకగా అమ్మడం సంస్థ దయ కాదు, దాని వ్యాపారం. సీట్లు దగ్గర దగ్గరగా వేసి, తిండి మానేసి, విమానాన్ని రోజుకు ఎక్కువసార్లు తిప్పి ఆ చవకను సాధిస్తారు. అందుకు మనం ఒప్పుకునే ఎక్కుతాం. మాట తప్పడానికి మాత్రం ఒప్పుకోలేదు.

శరీరం గురించి రెండు ముక్కలు. విమానం దిగేటప్పుడు నిద్రపోవద్దు. చెవులు పట్టేది ఎక్కువగా అప్పుడే. గుటకలు వేయాలి, ఆవులించాలి. చంటిపిల్లలకు ఆ వేళకు పాలు పట్టాలి. గట్టి జలుబుతో ఎక్కితే చెవిపోటు ఖాయం. లోపల గాలి బాగా పొడిగా ఉంటుంది, చలీ వేస్తుంది. ఇంట్లోని శాలువా చాలు. కుదుపులకు భయపడేవారు రెక్కల దగ్గర సీటు అడగండి, తోక దగ్గర కన్నా అక్కడ ఊపు తక్కువ. ఆఖరి వరస సీట్లు చాలావాటిలో వెనక్కి వాలవు.

ఇవన్నీ తెలిసినా తీరని భయం ఒకటుంది, అది భాష. 2022 సెప్టెంబరులో విజయవాడ నుంచి హైదరాబాదు వస్తున్న విమానంలో, అత్యవసర ద్వారం పక్కన కూర్చున్న ఒక తెలుగు స్త్రీని, ఆమెకు ఇంగ్లీషు, హిందీ రావన్న కారణంతో వేరే సీటుకు మార్చారు. తోటి ప్రయాణికురాలు ఈ సంగతి బయటపెడితే, అప్పటి తెలంగాణ మంత్రి కె. తారక రామారావు స్థానిక భాష తెలిసిన సిబ్బందిని పెట్టుకొమ్మని ఆ సంస్థకు బహిరంగంగానే చెప్పారు. ఆ ద్వారం దగ్గర కూర్చునేవారికి సిబ్బంది మాట అర్థం కావాలన్న నియమం సబబైనదే, ప్రాణాల మీది సంగతి. కానీ కృష్ణా తీరంలో లేచి మూసీ తీరంలో వాలే విమానంలో భాష రానిది ఎవరికి? ఆవిడకా, వారికా? అవసరమైన మాట అర్థం కాకపోవడం ప్రమాదమైతే, తెలుగువారితో నిండిన ఆ విమానంలో ప్రతి వరసలోనూ ఆ ప్రమాదం ఉంది.

కాళ్ళు చక్కగా ఉన్న మన పెద్దవాళ్ళు శంషాబాదులో చక్రాల కుర్చీ అడుగుతారని ఎగతాళి చేసేవారు ఈ ముక్క ఆలోచించాలి. వాళ్ళకు కావలసింది కుర్చీ కాదు, దారి చూపే మనిషి. కుర్చీ అడిగితే తప్ప ఆ మనిషి దొరకడు. గుడివాడ దగ్గర ఉండే మా మేనత్త, కూతురి పురుటికి డాలస్ ఒంటరిగా వెళ్ళవలసి వచ్చినప్పుడు, "ఒరే అబ్బాయ్, నడవలేని ముసలిదాన్నని అబద్ధం చెప్పి కూర్చోమంటావుట్రా?" అని నిలదీసింది. ఆవిడ రోజూ పొలం గట్టు మీద రెండు మైళ్ళు నడిచే మనిషి. కుర్చీ వద్దంటే వద్దంది. అప్పుడు ఒక అట్టముక్క మీద ఒక పక్క ఇంగ్లీషులో, రెండో పక్క అదే తెలుగులో రాసి ఇచ్చాను: నాకు తెలుగు మాత్రమే వచ్చు. నేను దోహాలో విమానం మారాలి. నా తర్వాతి విమానం నంబరు ఇది. దయచేసి గేటు నంబరు ఈ ఖాళీలో అంకెలతో రాసి, ఎటు వెళ్ళాలో చేతితో చూపండి. మా అమ్మాయి ఫోను నంబరు ఇది, దేశం సంఖ్యతో సహా. నాకు చక్కెర వ్యాధి ఉంది, మందులు చేతిసంచిలో ఉన్నాయి. నేను మాంసం తినను. కింద, దిగాక అధికారి అడిగే మూడు ప్రశ్నలు, వాటి జవాబులు: ఎవరింటికి, ఎన్నాళ్ళకు, ఎందుకు.

దోహాలో గేటు నంబరు ఖాళీలో ఎవరో ఆకుపచ్చ సిరాతో రాసి ఇచ్చారుట. ఆ అట్టముక్క ఇప్పుడు ఆవిడ దగ్గర లేదు. ఆ వీధిలోనే మరొకావిడ న్యూజెర్సీ వెళుతూ అడిగి పట్టుకుపోయింది, దోహా కొట్టివేసి దుబాయి అని రాయించుకుని.